సముద్రపు నీటిలో అతి సూక్ష్మ లోహాలు కొలవడం ఎలా: బాటిల్ కడగడం నుంచి నంబర్ రాసేదాకా

సముద్రపు నీటిలో ఇనుము, రాగి, జింక్ లాంటివి ఎంతున్నాయో కొలుద్దామనుకునేవాళ్లు చాలామంది ముందు అడిగేది "ఏ మెషీన్ కావాలి?" అని. మెషీన్ గురించి తర్వాత చూద్దాం, ముందు ఈ చిన్న లెక్క చూడండి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. అదే లీటరులో ఇనుము, నడిసముద్రంలో బాగా లోతున తీసిన నీళ్లలో, 0.5 నానోమోల్ దగ్గర ఉంటుందనుకోండి, అంటే 28 నానోగ్రాములు. ఇనుము కంటే ఉప్పు 125 కోట్ల రెట్లు ఎక్కువ. పైనీళ్లలో అయితే చాలాచోట్ల 0.1 నానోమోల్ కూడా ఉండదు. ఇప్పుడు తల వెంట్రుక మందం ఉన్న తుప్పు రవ్వ ఒక్కటి, బరువు ఓ మైక్రోగ్రాము, మీ బాటిల్‌లో పడిందనుకోండి. తుప్పులో 70 శాతం దాకా ఇనుమే. అది యాసిడ్‌లో కరిగితే లీటరుకి 12 నానోమోల్ ఇస్తుంది. మీరు వెతుకుతున్నది 0.1, దొరికింది 12. మెషీన్ తప్పేమీ చెప్పలేదు, ఆ 12 నిజంగానే బాటిల్‌లో ఉంది, కాకపోతే అది సముద్రానిది కాదు.

అందుకే ఈ పనిలో ముప్పాతిక భాగం మెషీన్ దగ్గరికి వెళ్లకముందే అయిపోతుంది. ఇది తెలియకే కొన్ని దశాబ్దాల పాటు అచ్చయిన నంబర్లు తర్వాత పక్కన పెట్టాల్సి వచ్చింది. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్, సీసాన్ని కొలిచే పనిలోనే, ల్యాబ్ గాలిలో, దుమ్ములో, యాసిడ్‌లో ఉన్న సీసం శాంపిల్‌లోకి ఎలా దూరుతుందో పట్టుకున్నాడు. ఆయన పట్టుబట్టి శుభ్రం చేస్తూ పోయేకొద్దీ సముద్రపు సీసం విలువలు కిందికి దిగుతూ వచ్చాయి. సముద్రంలో సీసం తగ్గి కాదు, చేతులు శుభ్రపడి.

ముందు ఏం కొలవాలో తేల్చుకోండి. కరిగి ఉన్న లోహమా, మట్టి రేణువులతో కలిపి మొత్తమా? ఏ లోహాలు? ఒడ్డు దగ్గరి నీళ్లా, నడిసముద్రమా? ఇవి తేలకుండా బాటిళ్లు కడగడం మొదలుపెట్టకండి, ఎందుకంటే పాదరసానికి ప్లాస్టిక్ బాటిల్ పనికిరాదు, దానికి గాజు లేదా టెఫ్లాన్ రకం వేరే బాటిళ్లు, వేరే పద్ధతి కావాలి. ఇక్కడ నేను చెప్పేది మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్, రాగి, జింక్, కాడ్మియం, సీసం గురించి. నడిసముద్రంలో ఎంత ఉండొచ్చో కూడా ముందే తెలిసి ఉండాలి. జింక్ పైన 0.1 నానోమోల్ దగ్గర మొదలై ఉత్తర పసిఫిక్ లోతుల్లో 9 దాకా పోతుంది. కాడ్మియం పైన దాదాపు శూన్యం, లోతున 1 దాకా. రాగి 0.5 నుంచి 5. సీసం, కోబాల్ట్ పికోమోల్ (నానోమోల్‌లో వెయ్యో వంతు) లెక్కల్లోనే. ఈ అంకెలు మనసులో లేకపోతే మీకు వచ్చిన నంబర్ తప్పని కూడా అనుమానం రాదు.

బాటిల్

లో డెన్సిటీ పాలిథిలిన్ బాటిళ్లు తీసుకోండి. కొత్తవి కదా శుభ్రంగానే ఉంటాయని అనుకోవద్దు, అచ్చు పోసినప్పటి లోహాలు వాటి గోడలకే ఉంటాయి. ముందు ల్యాబ్ డిటర్జెంట్ కలిపిన నీళ్లలో వారం నానబెట్టి, 18.2 మెగాఓమ్ నీళ్లతో (ల్యాబులో దొరికే అతి శుద్ధమైన నీళ్లు) నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. తర్వాత సగానికి సగం నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, అంటే సుమారు 6 మోలార్, కనీసం ఓ వారం ముంచి ఉంచండి. వేడి నీటి తొట్టిలో పెట్టే వీలుంటే ఇంకా త్వరగా అవుతుంది, కానీ ఆవిరి మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే పోవాలి. మూతల్ని మర్చిపోకండి, మూత మరలోనే మురికి దాక్కుంటుంది. యాసిడ్ నుంచి తీశాక నాలుగైదు సార్లు కడిగి, ఈసారి శుద్ధమైన పలచటి యాసిడ్ నింపి మూత బిగించి, ఒక్కో బాటిల్‌ని రెండు జిప్ కవర్లలో పెట్టి ఉంచండి. వాడే రోజు దాకా అది అలా యాసిడ్‌తోనే ఉండాలి. ఎండబెట్టి అరలో పెట్టారంటే, ఇన్నాళ్ల కష్టం గాలిలోని దుమ్ముకి అప్పజెప్పినట్టే.

ఈ పని విసుగు పుట్టిస్తుంది, నిజమే. రెండు మూడు వారాలు బాటిళ్లు నానడమే తప్ప పని జరిగినట్టే ఉండదు. అయినా ఒక్క రోజు కూడా తగ్గించొద్దు.

నీళ్లు పట్టడం

ఓడ అంటేనే లోహం. చట్రం ఇనుము, అడుగున పూసే రంగులో రాగి, తుప్పు పట్టకుండా కట్టే దిమ్మలు జింక్, తాడు గాల్వనైజ్డ్ అయితే అదీ జింకే. అందుకని లోతు నీళ్లు తీసే బృందాలు ఉక్కు తాడు బదులు కెవ్లార్ లాంటి లోహం లేని తాడు, లోపలంతా టెఫ్లాన్ పూసిన గో-ఫ్లో బాటిళ్లు వాడతాయి. ఆ బాటిల్ మూసి ఉండగానే నీళ్లలోకి దిగుతుంది, పైనున్న మురికి పొర దాటి కాస్త లోతుకి వెళ్లాక నీటి ఒత్తిడికి తెరుచుకుంటుంది, కావలసిన లోతులో మళ్లీ మూసుకుంటుంది. ఇదంతా 2010లో సముద్రం మీద పని మొదలుపెట్టిన జియోట్రేసెస్ అనే అంతర్జాతీయ కార్యక్రమం అందరికీ ఒకే తీరుగా ఉండేలా రాసిపెట్టింది. వాళ్ల కుక్‌బుక్ ఉచితంగానే దొరుకుతుంది, తప్పకుండా చదవండి.

మీకు అంత ఏర్పాటు లేదు, చిన్న పడవలో ఒడ్డు దగ్గరి నీళ్లే పట్టాలి అనుకోండి. ఇంజిన్ ఆపేయండి. పడవ ముందు కొసన నిలబడండి, గాలి మీ ముఖానికి కొట్టాలి, నీటి ప్రవాహం మీ ఎదురు నుంచి రావాలి, అంటే పడవని తాకి వచ్చిన నీళ్లు మీ బాటిల్ దగ్గరికి రాకూడదు. రెండు మూడు మీటర్ల ప్లాస్టిక్ గొట్టం చివర బాటిల్ బిగించి దూరంగా చాపి ముంచండి. మొదటి మూడు నింపులూ పారబోయండి, అదీ పడవకి దిగువ వైపు. నాలుగోది మీ శాంపిల్.

ఈ పని ఒక్కరితో కాదు, ఇద్దరుండాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1669 నంబర్ పద్ధతిలో చెప్పిన "శుభ్రమైన చేతులు, మురికి చేతులు" అనే పంపకం ఉంది, అది అక్షరాలా పాటించండి. మురికి చేతుల మనిషి పెట్టె తెరుస్తాడు, బయటి కవర్ జిప్ లాగుతాడు, గొట్టం పట్టుకుంటాడు, అంతవరకే. శుభ్రమైన చేతుల మనిషి లోపలి కవర్ తెరిచి బాటిల్ తీస్తాడు, మూత విప్పుతాడు, బాటిల్‌ని, మూతని తప్ప ఇంకేదీ ముట్టుకోడు. ముక్కు దురద పెట్టినా, ఫోన్ మోగినా, పడవ అంచు పట్టుకున్నా గ్లోవ్స్ మార్చాల్సిందే. గ్లోవ్స్ పౌడర్ లేనివి అయి ఉండాలి. ఆ పౌడర్‌లో, కొన్ని రబ్బరు గ్లోవ్స్‌లోనే, జింక్ ఉంటుంది.

వడపోత, యాసిడ్

కరిగిన లోహమే కావాలంటే 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టాలి, ఒడ్డు నీళ్లకి 0.45 వాడేవాళ్లూ ఉన్నారు, ఏది వాడితే అది రాసిపెట్టండి. ఫిల్టర్‌ని కూడా ముందు పలచటి యాసిడ్‌తో, తర్వాత శుద్ధ జలంతో, ఆఖరుకి అదే శాంపిల్ నీళ్లతో కడగాలి. వడపోత అయ్యాకే యాసిడ్. ఈ వరస తిరగబడితే రేణువుల్లోని లోహమంతా నీళ్లలోకి కరిగిపోతుంది, ఇక దాన్ని వెనక్కి తీసే దారి లేదు.

లీటరుకి 12 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 2 మిల్లీలీటర్లు పోస్తే 0.024 మోలార్ అవుతుంది, పీహెచ్ 1.7–1.8 దగ్గరికి దిగుతుంది. అది దిగకపోతే ఇనుము, సీసం లాంటివి బాటిల్ గోడకి అంటుకుని నంబర్ తగ్గిపోతుంది. ఏ యాసిడ్ పోస్తున్నారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. పది లక్షల భాగాల్లో 0.2 భాగం ఇనుముంది అని రాసి ఉన్న సాధారణ రియేజెంట్ యాసిడ్ అనుకోండి, చాలా శుభ్రంగానే అనిపిస్తుంది. లెక్క వేయండి: 2 మిల్లీలీటర్లంటే 2.4 గ్రాములు, అందులో 0.47 మైక్రోగ్రాము ఇనుము, అంటే ఒక్క యాసిడే లీటరుకి 8.5 నానోమోల్ దాకా కలపొచ్చు. నీళ్లలో ఉన్నదేమో 0.5. అందుకే మరగనివ్వకుండా నెమ్మదిగా ఆవిరిచేసి పట్టిన, సబ్-బాయిలింగ్ డిస్టిల్డ్ యాసిడే వాడాలి. కొనలేకపోతే టెఫ్లాన్ స్టిల్‌లో మీరే తయారు చేసుకోవచ్చు, చాలా ల్యాబులు అదే చేస్తాయి.

యాసిడ్ పోశాక ఆగండి. సముద్రంలోని ఇనుము, రాగి 99 శాతానికి పైగా ఏదో ఒక సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు వదలడానికి టైమ్ కావాలి. కొన్ని నెలలు అలా ఉంచి కొలవడం మామూలే. కోబాల్ట్, రాగి అయితే అప్పటికీ పూర్తిగా వదలవు, వాటికి క్వార్ట్జ్ లేదా టెఫ్లాన్ గొట్టాల్లో అతినీలలోహిత దీపం కింద కొన్ని గంటలు పెట్టాలి. ఈ మెట్టు దాటేసినవాళ్లకి కోబాల్ట్ తక్కువగా వస్తుంది, అది చూసి సముద్రంలోనే తక్కువుందేమో అనుకునే ప్రమాదముంది.

ఉప్పు నుంచి లోహాన్ని విడదీయడం

లోహాల్ని చివరికి కొలిచేది ఐసీపీ-ఎంఎస్, అంటే శాంపిల్‌ని వేడి ఆర్గాన్ ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కపెట్టే మెషీన్. సముద్రపు నీటిని నేరుగా అందులోకి పంపకండి. ఉప్పు మెషీన్ ముఖద్వారంలోని కోన్ల మీద పేరుకుంటుంది, సిగ్నల్ పడిపోతుంది, అసలు చిక్కేమో ప్లాస్మాలో పుట్టే దొంగ ద్రవ్యరాశులు. ఆర్గాన్ 40, సోడియం 23 జతకడితే 63, అది అచ్చం రాగి 63 లాగే కనిపిస్తుంది. ఆర్గాన్, ఆక్సిజన్ కలిస్తే 56, అదేమో ఇనుము. కాల్షియం, ఆక్సిజన్ కలిస్తే 60, నికెల్ అనుకుంటారు. మాలిబ్డినం 95, ఆక్సిజన్ 16 కలిస్తే 111, అది కాడ్మియం. మాలిబ్డినం సముద్రంలో 100 నానోమోల్ పైనే ఉంటుంది, పైనీళ్ల కాడ్మియం దానిలో పదివేల వంతు కూడా లేకపోవచ్చు, కాబట్టి కొద్దిపాటి ఆక్సైడ్ చాలు మిమ్మల్ని పక్కదారి పట్టించడానికి.

అందుకని లోహాన్ని పట్టుకుని ఉప్పుని వదిలేసే చెలేటింగ్ రెజిన్ వాడతారు. నోబియాస్ పీఏ1 అనే రెజిన్ ఇప్పుడు ఎక్కువ ల్యాబుల్లో ఉంది. చేసే తీరు ఇది: శాంపిల్‌కి పీహెచ్‌ని నిలకడగా ఉంచే అమ్మోనియం అసిటేట్ బఫర్ కలిపి పీహెచ్ 6.2 దగ్గరికి తేవాలి. రెజిన్ నింపిన చిన్న గొట్టం, అంటే కాలమ్ గుండా నెమ్మదిగా, పెరిస్టాల్టిక్ పంపుతో, ఓ 40 మిల్లీలీటర్లు పంపాలి. తర్వాత పలచటి బఫర్‌తో కడిగితే సోడియం, మెగ్నీషియం, కాల్షియం చాలావరకు పోతాయి. ఆఖరున 1 మోలార్ నైట్రిక్ యాసిడ్ 1 మిల్లీలీటరుతో లోహాలన్నీ కిందికి దింపుకోవాలి. నలభై రెట్లు చిక్కబడింది, ఉప్పు దాదాపు లేదు. పీహెచ్ 6 కంటే కిందికి జారితే మాంగనీస్ సరిగ్గా పట్టుకోదు, అందుకని ఒక్కో శాంపిల్‌కీ పీహెచ్ చూడాలి. అయితే పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ని శాంపిల్‌లో ముంచకండి! ఓ చుక్క పక్కకి తీసి పేపర్ మీద చూడండి, లేదంటే అదే నీళ్లతో విడిగా ట్రయల్ చేసి ఎంత బఫర్ పడుతుందో తెలుసుకోండి. బఫర్ కూడా శుభ్రంగా ఉండాలి, దాన్ని అదే రకం రెజిన్ గుండా ముందే పంపి పెట్టుకుంటే మంచిది.

ఐసీపీ-ఎంఎస్ అందుబాటులో లేనివాళ్లు ఒడ్డు నీళ్లలో జింక్, కాడ్మియం, సీసం, రాగిని స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీతో కొలవొచ్చు. ఎలక్ట్రోడ్‌ని మైనస్ 1.2 వోల్టుల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి లోహాన్ని దాని మీదికి లాగి, తర్వాత వోల్టేజ్ పైకి తీసుకెళ్తే ఒక్కో లోహం ఒక్కో చోట కరిగి శిఖరం ఇస్తుంది, ముందు జింక్, తర్వాత కాడ్మియం, సీసం, చివర రాగి. ఉప్పు ఇక్కడ అడ్డం కాదు, కరెంటు పారడానికి పనికొస్తుంది కూడా. కానీ సేంద్రియాలు శిఖరాన్ని చెడగొడతాయి, కాబట్టి ముందు దీపం కింద పెట్టడం ఇక్కడ కూడా తప్పదు.

కొలత

ఇనుముకి, ఆ దొంగ ద్రవ్యరాశుల్ని తగ్గించడానికి హీలియం లేదా హైడ్రోజన్ పంపే కొలిజన్ సెల్ ఉన్న మెషీన్ కావాలి, లేదా దగ్గర దగ్గరి ద్రవ్యరాశుల్ని కూడా విడదీసే హై రిజొల్యూషన్ మెషీన్. కాడ్మియానికి మాలిబ్డినం మాత్రమే ఉన్న ద్రావణం విడిగా నడిపి, ఎంత ఆక్సైడ్ పుడుతోందో చూసి తీసేయాలి.

క్యాలిబ్రేషన్‌కి నా ఓటు ఐసోటోప్ డైల్యూషన్‌కే. ఇనుము 57 సహజంగా 2 శాతమే ఉంటుంది. దాన్నే ఎక్కువగా నింపిన ద్రావణం శాంపిల్‌లో ముందే తూచి కలిపి, కొన్నాళ్లు కలిసిపోనిచ్చి, ఆ తర్వాతే కాలమ్‌కి పంపుతారు. తర్వాత కాలమ్‌లో కొంత పోయినా ఫర్వాలేదు, ఎందుకంటే మీరు చూసేది 56కీ 57కీ ఉన్న నిష్పత్తి, పోతే రెండూ ఒకే పాళ్లలో పోతాయి. కానీ మాంగనీస్, కోబాల్ట్‌కి సహజంగా ఒకే ఐసోటోప్, వాటికి ఈ దారి లేదు. వాటికి అదే సముద్రపు నీటిలో మూడు నాలుగు తెలిసిన మోతాదులు కలిపి స్టాండర్డ్ అడిషన్ చేయండి. మామూలు నీళ్లలో చేసిన స్టాండర్డ్ గీత ఇక్కడ నమ్మకండి. ఇంకో మాట, అన్నీ తూకంలో చేయండి, ఘనపరిమాణంలో కాదు. సముద్రపు నీళ్లు లీటరుకి 1.025 కిలోలు, లీటరు లెక్కా కిలో లెక్కా కలిపేస్తే 2.5 శాతం తప్పు ఊరికే వచ్చి చేరుతుంది.

బ్లాంక్

ఈ మొత్తంలో నేను ఎక్కువ ప్రాణం పెట్టేది దీని మీదే. నీళ్లు తప్ప మిగతావన్నీ, అదే బాటిల్, అదే ఫిల్టర్, అదే యాసిడ్, అదే బఫర్, అదే కాలమ్, అదే చేతులు, అన్నీ శాంపిల్ లాగే నడిపి ఎంత లోహం వస్తుందో చూడాలి. రోజుకొకటి కాదు, శాంపిళ్ల మధ్య మధ్యలో కనీసం ఆరేడు. వాటి సగటు తీసేయాలి, వాటి చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) ఎంతుందో చూసి దానికి మూడు రెట్లు మీ డిటెక్షన్ లిమిట్, అంటే నమ్మకంగా కొలవగల కనిష్ఠం, అని రాయాలి. సగటు ఎక్కువున్నా నిలకడగా ఉంటే బతకొచ్చు, చెదురు ఎక్కువుంటే ఆ రోజు డేటా పక్కన పెట్టండి.

నాకు ఒకసారి ఒకే నీళ్లలోంచి తీసిన జత బాటిళ్లలో ఒకదాంట్లో జింక్ 0.4, ఇంకోదాంట్లో 6 వచ్చింది. మళ్లీ నడిపినా అంతే, అంటే మురికి కాలమ్‌లో కాదు, బాటిల్‌లోనే ఉంది. చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఆ నీళ్లు మళ్లీ దొరికేవి కావు. మూడు వారాలు కూర్చుని, ఆ బాటిళ్లని తాకిన ప్రతి వస్తువునీ విడివిడిగా పలచటి యాసిడ్‌లో నానబెట్టి కొలిచాను: గ్లోవ్ ముక్క, మూత, కవర్ ముక్క, పిపెట్ టిప్. దొరికింది పసుపు రంగు టిప్ దగ్గర. సగం బాటిళ్లకి యాసిడ్ ఆ టిప్‌తో పోశాను, మిగతా సగానికి రంగు లేని టిప్‌తో. టిప్‌కి ఆ రంగు తెచ్చే పదార్థం నుంచే జింక్ వస్తోంది. అప్పటినుంచి రంగున్న ప్లాస్టిక్ ఏదీ నా బెంచ్ మీద లేదు, రంగు లేనిదైనా సరే వాడేముందు యాసిడ్‌తో మూడుసార్లు లోపలికి లాగి వదులుతాను. మీరు కూడా ఈ నానబెట్టి చూసే పరీక్ష మొదట్లోనే, శాంపిల్ పట్టకముందే చేసుకోండి. ఒక్క రోజు పని.

గాలి సంగతి కూడా ఇక్కడే. సన్నటి దుమ్ముని కూడా పట్టే హెపా ఫిల్టర్ నుంచి గాలి మీ వైపు వీచే లామినార్ ఫ్లో బెంచ్ ఉంటే బాటిల్ మూత అక్కడే తెరవండి. గది మొత్తం క్లీన్‌రూమ్ కాకపోయినా ప్లాస్టిక్ షీట్లతో ఓ గుడారం కట్టి లోపలికి ఫిల్టర్ గాలి పంపినా చాలా తేడా వస్తుంది. తుప్పు పట్టిన స్టాండు, లోహపు స్పాచులా, గది మూలనున్న ఇనుప బీరువా, ఇవి బయటికి పోవాలి.

నంబర్‌ని నమ్మొచ్చా

ముందు రిఫరెన్స్ నీళ్లు, అంటే ఎంత లోహముందో ముందే తేల్చి ఉంచిన నీళ్లు, నడపండి. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అమ్మే నాస్, కాస్ పేర్లతో ఉన్నవి ఉన్నాయి. చాలా తక్కువ మోతాదులకి 2004లో ఉత్తర పసిఫిక్‌లో పట్టిన సేఫ్ శాంపిళ్లని చాలా ల్యాబులు వాడుతూ వచ్చాయి, పైనీళ్లది ఎస్, లోతుది డీ. మీ శాంపిల్ ఏ స్థాయిలో ఉందో ఆ స్థాయి రిఫరెన్సే వాడాలి, ఒడ్డు నీళ్ల రిఫరెన్స్ సరిగ్గా వచ్చిందని నడిసముద్రపు నంబర్‌ని నమ్మలేం.

తర్వాత సముద్రాన్నే అడగండి. 1976లో ఎడ్వర్డ్ బాయిల్ బృందం కాడ్మియం లోతుతో పాటు ఫాస్ఫేట్ లాగే పెరుగుతుందని చూపించింది. జింక్ సిలికేట్ వెంట నడుస్తుంది. కాబట్టి మీ లోతు గీత సాఫీగా సాగుతోందా, పక్క పోషకంతో పొత్తు కుదిరిందా చూడండి. వరసగా ఏడు లోతులు నున్నగా వచ్చి, ఎనిమిదోది ఒక్కసారి పైకి ఎగిరితే అది సముద్రపు అడుగున ఏదో వింత కాదు, దాదాపు ప్రతిసారీ ఆ బాటిలే. కంటామినేషన్ ఎప్పుడూ కలుపుతుందే గానీ తీసేయదు, అందుకే ఒకే నీళ్ల రెండు కొలతల్లో తేడా వస్తే తక్కువగా ఉన్నది నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. అలాగని మీకు నచ్చని ప్రతిదాన్నీ కొట్టేయడం కాదు. అదే స్టేషన్‌లో అదే బాటిల్‌లో జింక్, ఇనుము, సీసం మూడూ కలిసి ఎగిరాయా, ఒక్కటే ఎగిరిందా చూడండి. కలిసి ఎగిరితే దుమ్మో తుప్పో. ఇనుము, మాంగనీస్ రెండే ఎగిరి, పక్క లోతుల్లో కూడా కాస్త పెరుగుదల ఉంటే ఆగండి, అది సముద్రపు అడుగున వేడి నీటి ఊట వదిలిన నిజమైన ఇనుము కావొచ్చు.

నంబర్ రాసేటప్పుడు పక్కనే బ్లాంక్, డిటెక్షన్ లిమిట్, రిఫరెన్స్‌కి మీకు వచ్చిన విలువ, ఫిల్టర్ సైజు, యాసిడ్ పోసిన తేదీ, కొలిచిన తేదీ రాయండి. అనుమానం వచ్చినదాన్ని చెరిపేయకుండా పక్కన గుర్తు పెట్టి ఉంచండి. మిగిలిన శాంపిల్ పారబోయకండి. యాసిడ్ పోసి మూత బిగించి రెండు కవర్లలో ఉంచిన నీళ్లు ఏళ్ల తరబడి ఉంటాయి, రేపు ఇంకొకరు ఇంకో పద్ధతితో అదే బాటిల్ తెరిచి మీ నంబర్‌ని సరిచూడొచ్చు.